సీలు లేని గొంతు

మా కళామందిరం గుమ్మం పక్కన "లావు గొంతుతో లోపలికి ప్రవేశం లేదు" అని ఒక బోర్డు ఉండేది. దాన్ని చూసి నవ్వినవాళ్ళు చాలామంది. కొందరు పక్కన నిలబడి ఫొటోలు కూడా తీయించుకున్నారు. ఆ బోర్డు రాయించింది నేనే. అందులో ఒక్క అక్షరదోషం లేదు. మరి నవ్వెందుకు వచ్చేదో నాకు అర్థమయ్యేది కాదు. కార్యాలయంలో ఏ నిర్ణయమూ ఊరికే పుట్టదు. దానికి ముందొక నిర్ణయం, దానికి ముందు మరొకటి ఉంటాయి. వరసగా చెప్పుకుంటూ వస్తే, ఎంత నవ్వినవాడైనా "నిజమే, మీ కుర్చీలో నేనున్నా అదే చేసేవాణ్ణి" అని తీరాలి. అందుకే వరసగా చెబుతాను.

నా పేరు సన్యాసిరావు. మా ఊరి పురపాలక కళామందిరం కార్యాలయానికి సూపరింటెండెంటును. నా పైన కార్యనిర్వహణాధికారి కుప్పిలి జగన్నాథరావు గారు, ఆయన పైన పాలకమండలి అధ్యక్షులు గేదెల తవిటినాయుడు గారు, ఆయన పైన సీలింగు ఫ్యాను.

మందిరం కట్టినప్పుడే వాల్వుల మైకుసెట్టు ఒకటి కొన్నారు. అందులో రెండు పెట్టెలుండేవి. మైకులోంచి వచ్చిన బక్కపలచటి శబ్దాన్ని అందుకుని తీర్చిదిద్దేది మొదటిది. దాన్ని ప్రీఆంప్లిఫయర్ అంటారు. ఆ తీర్చిదిద్దిన శబ్దాన్ని పెద్దది చేసి స్పీకర్లలోకి తోసేది రెండోది, పవర్ ఆంప్లిఫయర్. ఈ రెండోది ఒక వానాకాలంలో కాలిపోయింది. మొదటిది మాత్రం స్టోరుగదిలో పాత తెరల కింద బతికి ఉండిపోయింది.

అలా ఉంటే ఎవరికీ బాధ ఉండేది కాదు. కానీ ఆ మధ్య రాజధానిలో పెద్దవాళ్ళందరికీ వాల్వుల పిచ్చి పట్టింది. డబ్బున్నవాళ్ళు పాత గాజుబుడ్ల సెట్లు వెతికి వెతికి ఇళ్ళలో పెట్టుకుని, దీపాలు ఆర్పేసి, కళ్ళు మూసుకుని వింటున్నారట. సాంస్కృతిక సలహాదారు పరాంకుశం గారు మా ఊరు తనిఖీకి వచ్చినప్పుడు స్టోరుగదిలో ఈ పెట్టెను చూశారు. ప్లగ్గు పెట్టించారు. వాల్వులు మెల్లగా ఎర్రబడుతుంటే ఆయన చెయ్యి గుండె మీదికి వెళ్ళింది.

"ఇది యంత్రం కాదు జగన్నాథరావు గారూ, జాతి జ్ఞాపకం!" అన్నారు.

పెట్టెలోంచి శబ్దమేదీ రావడం లేదు, ఎందుకంటే దానికి ఏదీ తగిలించలేదు. అయినా ఆయన చాలాసేపు విన్నారు. నెల తిరక్కుండా దానికి వారసత్వ హోదా వచ్చింది, ఇత్తడి ఫలకం వచ్చింది, ఎవరూ విప్పకుండా నాలుగు మూలలా లక్కసీలు వచ్చింది. వాటితోపాటు ఒక షరతూ వచ్చింది. సదరు పరికరాన్ని అలంకారప్రాయంగా ఉంచరాదు, ప్రతి కార్యక్రమంలోనూ విధిగా వినియోగించవలెను.

అదే ఏడాది ఇంకో విభాగం నుంచి, ఆధునికీకరణ పథకం కింద, ట్రాన్సిస్టర్ల పవర్ ఆంప్లిఫయర్ వచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ, ఇనప్పెట్టెంత బరువుతో. వారంటీ పోకుండా దానికీ కంపెనీ సీలు. దానికీ అదే షరతు. ప్రతి కార్యక్రమంలోనూ విధిగా వినియోగించవలెను. అంటే పాత పెట్టెకూ కొత్త పెట్టెకూ తీగ కలిపి వాడక తప్పదు. ఇంతవరకు ఎక్కడైనా తప్పుందా? లేదు.

ఆ జోడు మైకుసెట్టు ప్రారంభోత్సవం రోజు తవిటినాయుడు గారు మైకు ముందుకు వచ్చారు. ఆయనది పశువుల సంతలో పెరిగిన గొంతు. ఆయనకు మైకు ఎన్నడూ అవసరం లేదు గానీ, మైకు లేకుండా మాట్లాడడం హోదాకు తక్కువని ఆయన అభిప్రాయం. మాట్లాడారు. ముందు వరసలవాళ్ళకు నోట్లోంచి నేరుగా వినపడింది. వెనకవాళ్ళకు స్పీకర్లలోంచి 'స', 'చ', 'త' తప్ప మరొకటి వినపడలేదు. ఎవరో పక్కగదిలో పెసరట్లు పోస్తున్నారనుకున్నారట. ఆ తర్వాత వందన సమర్పణకు వచ్చిన బాలికల పాఠశాల పంతులమ్మ గొంతు మాత్రం గంట కొట్టినట్టు బాల్కనీ దాకా వెళ్ళింది. జనం ఆవిడకే చప్పట్లు కొట్టారు.

"నా మాటెవుడు మింగేసినాడు?" అన్నారు అధ్యక్షులు, మెట్లు దిగుతూనే. ఆ మాట మాత్రం మైకు లేకపోయినా రోడ్డు దాకా వినపడింది.

మర్నాడు పురపాలక విద్యుత్ విభాగం నుంచి ఏ.ఈ. మజ్జి హారికను పిలిపించారు. చిన్న వయసు, చురుకైన పిల్ల. మీటరేదో పెట్టి చూసి, అత్యవసర సమావేశంలో విషయం చెప్పింది.

"ప్రీఆంప్లిఫయర్ బానే ఉంది సార్. పవర్ ఆంప్లిఫయరూ బానే ఉంది. ఒకదానికొకటి సరిపడలేదు, అంతే. వాల్వు సెట్టు ముసలాయన లాంటిది. చెంబులు అందిస్తే మోస్తాడు, నిండు బిందె అందిస్తే జారవిడుస్తాడు. ఈ కొత్తదేమో దాని మీద మరీ ఎక్కువ భారం వేస్తోంది. సన్నటి శబ్దాలు చెంబులనుకోండి, అవి ఇవతలికి వస్తున్నాయి. లావు శబ్దాలు బిందెలు. అవి మధ్యలోనే పడిపోతున్నాయి."

"నా గొంతు బిందంటావేటి?" అన్నారు అధ్యక్షులు.

"గంగాళం సార్," అని నాలిక్కరుచుకుంది. "పెద్ద పనేం కాదు సార్. రెండిటికీ మధ్య బఫర్ అని చిన్న సర్క్యూట్ పెట్టాలి. అగ్గిపెట్టంత ఉంటుంది. ముసలాయన దగ్గర చెంబుతోనే అందుకుని, అటువైపు బిందెతో పోస్తుంది. మధ్యాహ్నానికల్లా నేనే చేసి తెస్తాను."

జగన్నాథరావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్ళజోడు తీశారంటే నిబంధన మాట్లాడబోతోందని అర్థం.

"మధ్య అంటే ఎక్కడమ్మా? వారసత్వ విభాగం పరిధిలోనా? ఆధునికీకరణ విభాగం పరిధిలోనా?"

"పరిధేంటి సార్? తీగ మీద."

"తీగ ఎవరి పరిధి?"

అందరూ నా వైపు చూశారు. తీగలో ఈ కొస వారసత్వంలోనూ ఆ కొస ఆధునికతలోనూ గుచ్చి ఉన్నాయని, నడిమి భాగం గురించి ఏ విభాగమూ ఇంతవరకు ఆలోచించలేదని నేను మనవి చేశాను.

"గ్రహించారా? రెండు పథకాలకూ చెందని వస్తువు, రెండు పథకాల నడుమ ప్రవేశించజాలదు. ప్రవేశించినచో అది ఆక్రమణ."

"పోనీ వాల్వు సెట్టు విప్పి లోపల ఒక్క కెపాసిటర్ మారుస్తాను సార్."

"లక్కసీలు."

"పవర్ ఆంప్లిఫయర్లో ఒక రెసిస్టర్?"

"కంపెనీ సీలు." జగన్నాథరావు గారు లేచి నిలబడ్డారు. "అధ్యక్షా, విషయాన్ని సాకల్యంగా పరిశీలిద్దాం. రెండు పరికరాలూ సక్రమమైనవని సాంకేతిక అధికారిణి స్వయంగా సెలవిచ్చారు. వాటిలో లోపం లేదు. కాబట్టి లోపమేదో వాటిలోకి ప్రవేశిస్తున్నదానిలో ఉండి తీరవలెను. ప్రవేశిస్తున్నది ఏమిటి? కంఠస్వరం. కంఠానికి సీలు ఉన్నదా?"

సభ్యుల్లో ఒకాయన చెయ్యి తెలియకుండానే మెడ మీదికి పోయింది.

"లేదు. మొత్తం వ్యవస్థలో సీలు లేకుండా సవరణకు అందుబాటులో ఉన్న ఏకైక భాగం కంఠం. కావున పరికరాలకు అనుగుణంగా కంఠాలను సవరించుటకు తీర్మానించడమైనది."

హారిక పకపకా నవ్వింది. హాస్యమనుకుంది పాపం. ఉద్యోగంలో కొత్త కదా. నేను తీర్మానం రాసుకోవడం చూసి నవ్వు ఆపేసింది.

నిజం చెప్పొద్దూ, ఆ తర్కం నాకు చాలా నచ్చింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత చక్కగా మూసుకున్న తలుపు నేను చూడలేదు.

వారం తిరక్కుండా స్వరార్హత విభాగం తెరిచారు. నాకు కాస్త హార్మోనియం తెలుసు కనక పరీక్షాధికారిగా నన్నే వేశారు. నాటకాలవాళ్ళు గొంతును శ్రుతితో కొలుస్తారు. అంకె తక్కువైతే లావు గొంతు, ఎక్కువైతే సన్న గొంతు. నాలుగు శ్రుతికి తక్కువ కాకుండా మాట్లాడగలిగినవాడికే మైకు అని నియమం. మైకు లేకుండా మాట్లాడతానంటే కుదరదు, పరికరాలను వినియోగించని కార్యక్రమం కార్యక్రమమే కాదు. బయటి మైకుసెట్టు తెస్తానంటే అసలే కుదరదు.

ఊరు మూడు నెలల్లో దారికొచ్చింది. బ్యాంకు మేనేజరు తన ఉపన్యాసం చదవడానికి అత్తగారిని తెచ్చుకున్నాడు. ఆవిడ మధ్యలో కాగితం మడిచి పెట్టి అల్లుడి మీద సొంత అభిప్రాయాలు కూడా చెప్పింది. అవి బాల్కనీ దాకా వినపడ్డాయి. పోలీసు ఇనస్పెక్టరు రోడ్డు భద్రత మీద కీచుగొంతుతో హెచ్చరికలు చేశాడు. ఆ వారం హెల్మెట్లు లేనివాళ్ళు మరికాస్త ధైర్యంగా తిరిగారని విన్నాను. మాజీ ఉపాధ్యక్షుడి సంతాపసభలో పదకొండుమంది మగవాళ్ళు చిలకల్లా మాట్లాడి ఏడ్పించబోయారు. ఆయన భార్య చీరచెంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్ళిపోయింది. ఏడుపు ఆపుకోలేకపోయిందని మినిట్స్‌లో రాశాను.

మృదంగం దగ్గర చిక్కొచ్చింది. దాని కుడివైపు శబ్దం సన్నం, ఎడమవైపు లావు. జగన్నాథరావు గారు ఆలోచించి, కుడివైపు మాత్రమే వాయించవలెనని, ఎడమచేతిని ఒళ్ళో ఉంచుకొనవలెనని ఉత్తర్వు ఇచ్చారు. విద్వాంసుడు దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

"శాలువా కూడా ఒక్క భుజానికేనాండీ?" అని అడిగాడు. ఆ ప్రశ్న సాంస్కృతిక విభాగానికి పంపాం. ఇంకా జవాబు రాలేదు.

అధ్యక్షులు మాత్రం పట్టుదల గల మనిషి. పొద్దున్నే చెరుకుతోటలోకి పోయి సాధన చేసి, నాలుగున్నర శ్రుతి పట్టేశారు. అంత పెద్ద మీసాల వెనక నుంచి ఆ గొంతు వస్తుంటే కొత్తవాళ్ళు ఆయన వెనక ఎవరున్నారా అని తొంగిచూసేవారు. "ఇప్పుడు కదా నా మాట ఎనక బెంచీ దాకా ఎల్తంది!" అని ఆయన మురిసిపోయేవారు.

అలాంటి రోజుల్లో కోరాడ సూరప్పడు గారు మా ఆఫీసుకు వచ్చారు.

ఆయనెవరో చెప్పాలి. మా ప్రాంతంలో యముడి వేషమంటే ఆయనే. తెర లేవకముందే లోపల నుంచి "ఎవడురా అక్కడ!" అనేవారు. అంతే, ముందు వరసలో పిల్లలు తల్లుల ఒళ్ళోకి ఎక్కేవారు. ఆ పిల్లల్లో నేనొకణ్ణి. ఆ గొంతు చెవులకు వినపడేది కాదు, కూర్చున్న బెంచీలోంచి పైకి పాకేది. నాకు ఆయనంటే భయం, భక్తి, ప్రేమ. ఎదురుగా వచ్చి కుర్చీలో కూర్చుంటే ఇప్పటికీ లేచి నిలబడాలనిపిస్తుంది.

"బాబూ, మందిరానికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి కదా," అన్నారు. "మొదటి రోజున ఈ స్టేజీ మీద ఆడింది మా నాటకమే. యముడు నేనే. ఉత్సవాలకి మళ్ళా అదే నాటకం ఆడమని మీ అధ్యక్షులవారు కబురంపించారు. ఒళ్ళు సహకరించడం లేదు. ఎక్కడ మొదలెట్టానో అక్కడే ఈ ఒక్క వేషం కట్టేసి, ఇంక మానేస్తాను. నాకదే కోరిక."

హార్మోనియం ముందుకు జరిపాను.

ఆయన ఒకటిన్నర శ్రుతి. ఎంత లాగినా రెండు దాటలేదు.

ఫైలు జగన్నాథరావు గారి దగ్గరికి తీసుకెళ్ళి, ఇది ప్రత్యేక సందర్భమని, మినహాయింపు ఇవ్వవచ్చునేమోనని వేడుకున్నాను. నేను ఒక మనిషి కోసం వేడుకోవడం ఆయన ఎప్పుడూ చూడలేదు. కళ్ళజోడు తీసేశారు.

"మినహాయింపు ఒకరికిస్తే అది నియమం, ఇద్దరికిస్తే ఆనవాయితీ. వద్దు. ఆ నాటకంలో సన్న గొంతు పాత్ర ఏదైనా ఉన్నదా?"

"నారదుడున్నాడండి."

"యముడి పాత్రను నారద పాత్రధారికి అదనపు బాధ్యతగా అప్పగించండి. పూర్తి స్థాయి యముడు దొరికేవరకు."

ఈ మాట ఊళ్ళో పాకింది. హారికకూ తెలిసింది. మర్నాడు తను హ్యాండుబ్యాగు పట్టుకుని స్టేజీ మీదికి వచ్చింది. బ్యాగులోంచి అగ్గిపెట్టంత డబ్బా తీసింది.

"సన్యాసిరావు గారూ, అయిదంటే అయిదు నిమిషాలు అటు తిరిగి కూర్చోండి. మీకు పుణ్యముంటుంది. తీగ మధ్య దీన్ని పెట్టేసి టేపు చుట్టేస్తాను. మనిద్దరికీ తప్ప ఎవరికీ తెలీదు."

నేను అటు తిరిగాను. దేవుడి సాక్షిగా తిరిగాను. తిరిగేసరికి ఎదురుగా జగన్నాథరావు గారు నిలబడి ఉన్నారు.

ఆ డబ్బాను గుర్తుతెలియని వస్తువుగా నమోదు చేసి, బకెట్టు నీళ్ళలో వేసి, బాంబు కాదని ధ్రువపరిచి, భద్రపరిచాం. హారికను వీధిదీపాల విభాగానికి మార్చారు. వెళ్ళేటప్పుడు నా దగ్గరికి వచ్చి, "మీరు నిజంగానే తిరిగారు సార్, నేను చూశాను," అంది. ఆ మాటకు నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

సూరప్పడు గారికి విషయం చెప్పడానికి నేనే వెళ్ళాను. ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"నారదుడు యముడి వేషం కడతాడా?" అన్నారు. "వద్దు బాబూ. ఆ వేషం నాది. గొంతు మార్చుకుంటే ఇస్తారా?"

"ఇస్తారండి. శిక్షణ తరగతులున్నాయి."

స్వర సవరణ శిక్షణ మందిరం వెనక గదిలో జరిగేది. ముక్కు పట్టుకుని అక్షరాలు పలకడం, నాలిక మడిచి గాలి పీల్చడం, పావురాన్ని విడిచిపెట్టి కోయిలను అనుకరించడం, అదీ పాఠ్యప్రణాళిక. ముఖ్యమైన నియమం, ఇంట్లో కూడా పాత గొంతు వాడకూడదు. వాడితే అభ్యాసం చెడుతుంది. మిగతావాళ్ళు ఇంటికెళ్ళి ఎలా మాట్లాడుకునేవారో నాకు తెలియదు గానీ, సూరప్పడు గారు వేషం విషయంలో ఎంత నిష్ఠగలవారో దీనిలోనూ అంతే. సంతలో కూరగాయలు కూడా కీచుగా బేరమాడేవారట. యాభై ఏళ్ళు పాశం పట్టిన చెయ్యి ముక్కు పట్టుకుని కూర్చుంటే కిటికీలోంచి చూడలేక నేను ఫైళ్ళ గదికి వెళ్ళిపోయేవాణ్ణి. ఆయన మెట్ల కింద ఒంటరిగా నిలబడి యముడి నవ్వు సాధన చేసేవారు. మొదట అది దగ్గులా ఉండేది. తర్వాత తలుపు కీలు చప్పుడులా అయింది. చివరికి నిజంగానే సన్నగా, నిలకడగా, నిర్దోషంగా వచ్చింది.

ఉత్సవానికి ముందు పరీక్ష పెట్టాను. నాలుగు శ్రుతి. సరిగ్గా నాలుగు. ధ్రువపత్రం మీద సంతకం చేసి ఇచ్చాను. ఆయన దాన్ని తీసుకుని, కొత్త గొంతుతో, "బాబూ, ఇది మళ్ళా ఎనక్కొచ్చేస్తది కదా?" అని అడిగారు.

దాని గురించి నిబంధనల్లో ఏమీ లేదని చెప్పాను. నిజంగానే లేదు. ఉందేమోనని ముందురోజే రెండుసార్లు చూశాను.

ఉత్సవం రోజు హాలు కిటకిటలాడింది. ముఖ్య అతిథి పరాంకుశం గారు. తెర లేచింది. పొగలోంచి యముడు వచ్చాడు. అదే కిరీటం, అవే మీసాలు, అదే నడక. ఆ నడక చూసి నా వెనక బెంచీ కిర్రుమంది, జనం నిటారుగా కూర్చున్నారు. ఆయన చెయ్యెత్తి, "ఎవడురా అక్కడ!" అన్నారు.

స్పీకర్లు ఆ మాటను అక్షరం పోకుండా అందుకుని, బాల్కనీ చివరి వరస దాకా చేర్చాయి. ముందు వరసలో ఓ చిన్నపిల్ల కిలకిలా నవ్వింది. ఆ నవ్వు పక్కకు పాకింది, వెనక్కు పాకింది, హాలంతా కడుపు పట్టుకుంది. యముడు ఆగలేదు. ప్రాణాలు తీసే పద్యం పాడితే ఈలలు వేశారు, మళ్ళీ పాడమన్నారు. నాటకం చివరిదాకా ఆయన ఒక్క మాట మింగలేదు, ఒక్క అడుగు తప్పలేదు. తెర దించాక నమస్కారానికి మాత్రం బయటికి రాలేదు. జనం నవ్వుతూ ఇళ్ళకు వెళ్ళారు. నేను నవ్వలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ వల్లనని పక్కవాళ్ళకు చెప్పాను.

"పాత పరికరానికీ కొత్త పరికరానికీ మధ్య సంపూర్ణ సమన్వయం సాధించిన ఏకైక కళామందిరం మనది!" అని అధ్యక్షులు నాలుగున్నర శ్రుతిలో ప్రకటించారు. ఆ ప్రకటన ప్రతిని రాజధానికి పంపాలని అప్పటికప్పుడు తీర్మానించారు.

పరాంకుశం గారు మైకు దగ్గరికి వచ్చారు. ఆయన చూపు వేదిక పక్కన వెలుగుతున్న వాల్వుల మీద పడింది.

"ఇదేమిటి? దీన్ని వాడుతున్నారా?" అన్నారు, నిర్ఘాంతపోయి.

"తమరి షరతే కదండీ," అన్నారు జగన్నాథరావు గారు.

"అది పాత విధానం! వారసత్వాన్ని వాడి అరగదీయడం అనాగరికమని ఈమధ్యే నిర్ధారణ అయింది. గాజుపెట్టెలో పెట్టాలి. రేపే!"

రేపే పెట్టారు. వాల్వు సెట్టు గాజుపెట్టెలోకి పోయింది. దాని స్థానంలో ఆధునికీకరణ పథకం కింద మరో పెట్టె వచ్చింది. అది పవర్ ఆంప్లిఫయర్‌కు పుట్టుకతోనే సరిపడింది. బిందెలు, గంగాళాలు, ఏవీ ఒలకకుండా ఇవతలికి వచ్చేశాయి. కానీ దాన్ని బిగించిన కుర్రవాళ్ళు స్పీకర్లను మైకు వైపుకే తిప్పి పోయారు. వాటికీ సీళ్ళే. సన్న గొంతుతో ఎవరు మాట్లాడినా స్పీకర్లు కుయ్యిమని ఈల వేయడం మొదలెట్టాయి. తవిటినాయుడు గారు మొదటి వాక్యానికే చెవులు మూసుకుని కూర్చుండిపోయారు.

అత్యవసర సమావేశం. జగన్నాథరావు గారు కళ్ళజోడు తీశారు. ఇక చెప్పేదేముంది? నేను బోర్డు మళ్ళీ రాయించాను. ఈసారి "సన్న గొంతుతో". స్వరార్హత గీత రెండు శ్రుతికి దించి, అంతకు పైనున్నవారిని అనర్హులను చేశాం. పాత ధ్రువపత్రాలన్నీ రద్దు. ధ్రువపత్రాలు పొందినవారందరికీ మెమోలు వెళ్ళాయి. "తమరి పూర్వ కంఠస్వరమును తక్షణమే పునరుద్ధరించుకొని, స్వయముగా హాజరై, పునరుద్ధరించుకొనినట్లు నిరూపించుకొనవలెను."

సూరప్పడు గారి మెమో విషయంలో ఇంకో మాట కూడా కలిపారు. ఉత్సవంలో ఆయన నాటకం నవ్వుల పాలయిందని పత్రికలో పడింది. మందిరం గౌరవం నిలవాలంటే అదే నాటకం అసలైన యముడితో మళ్ళీ ఆడించాలని పాలకమండలి కోరింది. అది చదివి నేను ఎంత సంతోషించానో చెప్పలేను. తపాలాలో పంపబుద్ధి కాలేదు. నా చేతుల మీదుగానే ఇవ్వాలని వాళ్ళింటికి బయల్దేరాను.

పెంకుటిల్లు. వీధరుగు మీద ఆయన భార్య నూకాలమ్మ గారు చింతపండు ఈనెలు తీస్తూ కూర్చుంది. లోపల నడవలో నులకమంచం మీద సూరప్పడు గారు నాకు కనబడుతూనే ఉన్నారు.

"అమ్మా, సూరప్పడు గారికి ఆఫీసు కాగితం తెచ్చాను."

"ఆయన ఇంటికాడ నేరు బాబూ," అంది ఆవిడ, తలెత్తకుండా.

"అదేమిటమ్మా, అదిగో ఉన్నారు కదా."

ఆవిడ లోపలికి చూసింది. నా వైపు చూసింది. కోపం లేదు ఆ మొహంలో. అదే నేను తట్టుకోలేకపోయాను.

"ఆయనా? ఆయన మీ ఆపీసోలు అంపినాయన బాబూ. మా ఆయన్ని మీ కాడికి తరగతులకి అంపినాను. పొద్దున్న ఎల్లినోడు మళ్ళీ రానేదు. సాయంత్రం ఈయనొచ్చినాడు. పాపం, మంచోడే. ఒక్క మాటనడు. అడిగితే కీచుమని ఏదో సెప్తాడు. కూడెడతన్నాను, పక్కేస్తన్నాను. మావోడు అక్కడెక్కడైనా అగుపిస్తే, నూకాలు ఎదురుసూస్తందని సెప్పండి."

లోపల మంచం కదిలింది. సూరప్పడు గారు లేచి గుమ్మం దాకా వచ్చారు. మెమో చదివారు. చదివి, ఛాతీ నిండా గాలి పీల్చుకుని, గడ్డం కిందికి దించి, నోరు తెరిచారు. గాలి వచ్చింది. మళ్ళీ ప్రయత్నించారు. కోయిల కూసినట్టు ఏదో వచ్చింది. మూడోసారి ప్రయత్నించబోయి, భార్య మొహం చూసి మానేశారు. మెమో నా చేతిలో పెట్టి, వెళ్ళి మంచం మీద అటు తిరిగి పడుకున్నారు.

అందినట్టు సంతకం కావాలి. ఎవరిని అడగను? నేను ఆ అరుగు మీదే కూర్చుని, మెమో వెనక్కి తిప్పి, "చిరునామాదారు ఇంటివద్ద లేరు" అని రాసి, కింద నా సంతకం పెట్టాను. తీసుకెళ్ళి జగన్నాథరావు గారి బల్ల మీద ఉంచాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. పక్కన ఎర్రసిరాతో, "వచ్చిన వెంటనే అందజేయవలెను" అని రాసి నాకు తిరిగి ఇచ్చారు.